ఆపరేషన్ ఎక్కడ పూర్తవుతుంది? – సర్ హెరాల్డ్ రిడ్లీ స్మారకోపన్యాసం

శుక్లం తీసిన కంట్లో కృత్రిమ లెన్సు అమర్చవచ్చని ప్రపంచానికి చూపిన సర్ హెరాల్డ్ రిడ్లీ 1906లో పుట్టి 2001లో కన్నుమూశారు. ఆయన గురించి మాట్లాడేవాళ్ళు సాధారణంగా యుద్ధవిమానం కథతో మొదలుపెడతారు. ఆ కథకు తర్వాత వస్తాను. ముందు మన ఊళ్ళలో రెండు మూడు తరాలవాళ్ళు చూసిన ఒక వస్తువును గుర్తుచేస్తాను. అది సోడాబుడ్డి కళ్ళజోడు. కంటికి ఉండే మొత్తం శక్తిలో సుమారు మూడో వంతు దాని సహజ లెన్సుది. శుక్లమంటే మసకబారిన ఆ లెన్సే. దాన్ని తీసేసి ఊరుకుంటే వెలుతురు లోపలికి వెళుతుంది గాని చూపు కుదరదు. ఆ లోటు పూడ్చడానికి దాదాపు ప్లస్ పది డయాప్టర్ల అద్దం ముక్కుమీద మోయాలి. ఆ అద్దంలోంచి ప్రతి వస్తువూ పావు వంతుకు పైగా పెద్దదై దగ్గరికి జరిగినట్టు కనిపిస్తుంది. గడప ఎత్తు తెలియదు, మెట్టు లోతు అందదు, ద్వారబంధాలు వంగినట్టుంటాయి. చూపు మధ్య భాగానికీ అంచుకూ నడుమ వలయంలాంటి ఖాళీ ఏర్పడి, పక్కనుంచి వచ్చే మనిషి ఒక్క క్షణం మాయమై హఠాత్తుగా ఎదుట నిలబడతాడు. ఒక కంటికే ఆపరేషన్ జరిగితే రెండు కళ్ళూ రెండు సైజుల బొమ్మలు చూపిస్తాయి, మెదడు వాటిని కలపలేదు. “పొర ఇంకా ముదరలేదు, ముదిరాక రండి” అని పెద్దవాళ్ళను తిప్పి పంపిన రోజుల వెనక ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. ఇక కళ్ళజోడు పగిలినా, పోయినా, నంబరు కుదరకపోయినా ఆ మనిషి మళ్ళీ అంధుడే. దేశపు లెక్కల ప్రకారం కూడా అంధుడే.

వైద్యుడి దస్త్రంలో మాత్రం ఆ ఆపరేషన్ విజయవంతమైనదే. శుక్లం పూర్తిగా వచ్చింది, చీము పట్టలేదు, కుట్లు మానాయి. ఈ రెండు లెక్కల మధ్య ఉన్న దూరమే నా ఉపన్యాస విషయం. రిడ్లీ పేరు ఒక చిన్న ప్లాస్టిక్ బిళ్ళతో ముడిపడిపోయింది. ఆయన చేసిన పెద్ద పని ఆ బిళ్ళకన్నా ముందుదని నా వాదన. శుక్లం చికిత్స ఎక్కడ పూర్తవుతుందో నిర్ణయించే గీతను ఆయన జరిపారు. శుక్లం బయటికి వచ్చినప్పుడు చికిత్స సగమే అయిందని, మనిషి తన కళ్ళతో తాను బతుకు నడుపుకోగలిగినప్పుడే అది పూర్తవుతుందని ఆయన పట్టుబట్టారు. ఆయన మొదటి లెన్సులో లోపాలున్నాయి, కొన్ని పెద్దవే. గీత జరిపిన చోటు మాత్రం సరైనది. వాదనను నిలబెట్టాలంటే దానికి ఎదురయ్యే ప్రశ్నలన్నిటినీ ముందుంచుకోవాలి. వాటిలో కొన్ని బలమైనవి.

మొదట ఆ గీత అంతకుముందు ఎక్కడ ఉండేదో చూద్దాం. సుశ్రుతుడి కాలం నుంచీ మన దేశంలో శుక్లాన్ని పరికరంతో కంటి లోపలికి నెట్టే పద్ధతి ఉంది. మసకబారిన లెన్సు కనుపాప దారి నుంచి తప్పుకొని కంటి అడుగున పడేది, వెలుతురు లోపలికి వచ్చేది. 1747లో పారిస్‌లో జాక్ దవియెల్ లెన్సును నెట్టకుండా కోసి బయటికి తీశాడు. అది పెద్ద ముందడుగు. అయినా రెండు పద్ధతుల లక్ష్యమూ ఒకటే, అడ్డు తొలగించడం. తీసిన దాని స్థానంలో ఏదైనా పెట్టాలన్న ఆలోచన 18వ శతాబ్దం చివర్లోనే ఒకరికి వచ్చింది. డ్రెస్డెన్‌లో కాసాఆమాటా అనే కంటివైద్యుడు గాజు లెన్సు పెట్టి చూశాడు, అది జారి కంటి వెనక్కి పడిపోయింది. తర్వాత నూట యాభై ఏళ్ళు ఎవరూ ఆ దారి తొక్కలేదు. ఆ కాలమంతా శస్త్రవైద్యుల నైపుణ్యం శుక్లాన్ని మరింత శుభ్రంగా తీయడంవైపే సాగింది. 20వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి లెన్సును దాని సంచితో సహా ఒక్కటిగా పెకలించడమే ఆధునికమైన, అందమైన శస్త్రచికిత్సగా పేరు తెచ్చుకుంది. అడ్డు తొలగించడమే గమ్యమైతే అది నిజంగానే గొప్ప పద్ధతి. ఏ ముక్కా లోపల మిగలదు, మళ్ళీ పొర ఏర్పడదు. గమ్యం చూపు అయినప్పుడే అందులోని లోటు కనిపిస్తుంది.

రిడ్లీ ఆ లోటును చూడగలగడం వెనక ఆయన అప్పటిదాకా చేసిన పని ఉంది. తండ్రి నౌకాదళంలో వైద్యుడిగా చేసి, తర్వాత లెస్టర్‌లో కంటివైద్యుడైన మనిషి. కొడుకు కేంబ్రిడ్జ్‌లోనూ, లండన్ సెయింట్ థామస్ ఆస్పత్రిలోనూ చదివి 1938 నాటికే మూర్‌ఫీల్డ్స్ కంటి ఆస్పత్రిలో సర్జన్ అయ్యారు. యుద్ధం ఆయన్ను పశ్చిమాఫ్రికాకు, అంటే అప్పటి గోల్డ్ కోస్ట్‌కు, ఇప్పటి ఘనాకు పంపింది. అక్కడ ఉత్తరాన ఫున్సీ ప్రాంతంలో ఏటి ఒడ్డు గ్రామాల్లో నల్ల ఈగ కాటుతో సంక్రమించే సూక్ష్మమైన పురుగులు కళ్ళలో చేరి జనాన్ని గుడ్డివాళ్ళను చేస్తున్నాయి. ఆ జబ్బే ఇప్పుడు మనం రివర్ బ్లైండ్‌నెస్ అంటున్నది. రిడ్లీ దొరికిన కొద్దిపాటి పరికరాలతో అక్కడి రోగులను పరీక్షించి, కంటి ముందు భాగం నుంచి రెటీనా దాకా ఆ పురుగు చేసే నాశనాన్ని బొమ్మలతో సహా వివరించి 1945లో ప్రచురించారు. కంటి అడుగున ఆ జబ్బు మిగిల్చే మచ్చల తీరుకు ఆయన పేరే పెట్టారు. ఆ తర్వాత ఆయన విధులు కలకత్తాకు, రంగూన్‌కు మారాయి. జపాన్ వాళ్ళు థాయ్‌లాండ్‌లో బంధించి, యుద్ధం ముగిశాక వదిలిన ఖైదీల్లో తిండిలేమివల్ల కంటి నరం దెబ్బతిని చూపు పోయినవాళ్ళను చూసి దాన్ని కూడా రాశారు. లెన్సు కథ చెప్పే తొందరలో ఈ రెండు అధ్యయనాలనూ రెండు వాక్యాల్లో దాటేస్తారు. అది పొరపాటని నా అభిప్రాయం. రెండు చోట్లా ఆయన చేతిలో చెప్పుకోదగ్గ చికిత్స లేదు. వైద్యుడు చేయగలిగినదాన్ని కాకుండా రోగి కోల్పోయినదాన్ని జాగ్రత్తగా కొలిచే అలవాటు అక్కడ స్థిరపడింది. 1949లో కంట్లో లెన్సు అమర్చాలన్న నిర్ణయం ఆ అలవాటు నుంచి వచ్చిందే.

ఇప్పుడు విమానం కథ. 1940 ఆగస్టులో బ్రిటన్ గగనతలంలో జరిగిన పోరాటంలో గోర్డన్ క్లీవర్ అనే పైలట్ నడిపిన హరికేన్ విమానం దెబ్బతింది. తలపైన ఉన్న పెర్‌స్పెక్స్ అనే ప్లాస్టిక్ కప్పు బద్దలై దాని ముక్కలు అతని రెండు కళ్ళలోకీ దూసుకుపోయాయి. ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోది తీవ్రంగా దెబ్బతింది. ముఖానికీ కళ్ళకూ ఎన్నో ఆపరేషన్లు జరిగాయి. అతన్ని చూసిన వైద్యుల్లో రిడ్లీ ఒకరు. ఆ పెర్‌స్పెక్స్ ముక్కలు ఏళ్ళ తరబడి కంట్లో ఉండిపోయినా కన్ను వాటిమీద తిరగబడలేదని ఆయన గమనించారు. కొన్నేళ్ళ తర్వాత సెయింట్ థామస్‌లో శుక్లం ఆపరేషన్ చూస్తున్న ఒక విద్యార్థి, తీసిన లెన్సు స్థానంలో మరొకటి పెట్టలేకపోవడం విచారకరమన్న అర్థంలో ఏదో అన్నాడు. లెన్సు పుట్టిన కథ ఇంతే అయితే రిడ్లీది అదృష్టమని చెప్పేవాళ్ళకు ఎదురు చెప్పలేం. యుద్ధం ప్రయోగం చేసిపెట్టింది, కుర్రవాడు ప్రశ్న అందించాడు, ఆయన మధ్యలో నిలబడ్డారు అనవచ్చు.

ఈ అభ్యంతరానికి సమాధానం ఆ నాటి సాధారణ జ్ఞానంలో ఉంది. కంట్లో పరాయి వస్తువు ఉండకూడదన్నది అప్పటి కంటివైద్యానికి మూలసూత్రం. అది మూఢనమ్మకం కాదు. ఇనుప రజను కంట్లో ఉండిపోతే తుప్పు కణజాలంలోకి ఇంకి రెటీనాను చంపుతుంది. రాగి ముక్క తీవ్రమైన వాపు తెస్తుంది. కట్టెపుల్ల చీము పట్టిస్తుంది. ఒక కంటికి తగిలిన లోతైన గాయం రెండో కంటికి కూడా ఎసరు పెట్టిన సందర్భాలు వైద్య చరిత్రలో ఉన్నాయి. ఇంత అనుభవం వెనక ఉన్న సూత్రాన్ని ఒక పైలట్ కన్ను చూసి ప్రశ్నించడానికి అదృష్టం సరిపోదు. యుద్ధకాలంలో పెర్‌స్పెక్స్ ముక్కలు పడ్డ కళ్ళను చూసిన వైద్యులు చాలామందే ఉన్నారు. వాళ్ళకు అది కొన్ని ముక్కలను తీయకుండా వదిలేయవచ్చన్న ఊరటగా కనిపించింది. రిడ్లీ దాన్ని వేరుగా చదివారు. కన్ను తిరగబడేది పరాయితనం మీద కాదని, ఆ పదార్థపు గుణం మీదా, అది ఉన్న చోటు మీదా అని ఆయన తేల్చుకున్నారు. రసాయనికంగా నిశ్చలమైన పదార్థం, పదును లేని ఆకారంలో, కదిలే భాగాలకు రాసుకోని చోట ఉంటే కన్ను దాన్ని భరించాలి. అంటే పాత సూత్రాన్ని కాదనకుండానే దాని హద్దు ఎక్కడుందో చూపారు. ఇది తర్కంతో చేసిన పని. విద్యార్థి ప్రశ్న సంగతీ అంతే. ఆ ప్రశ్న ఆపరేషన్ గదుల్లో అంతకుముందు ఎందరో అడిగి ఉండాలి, ఎవరికైనా తట్టేదే. దానికి జవాబు ఇవ్వాల్సిన బాధ్యత తనదని అనుకున్నవాడు ఒక్కడే.

ఆలోచన వస్తువుగా మారిన తీరు కూడా చెప్పుకోదగ్గది. రిడ్లీ రేనర్ కంపెనీలో దృశ్యశాస్త్ర నిపుణుడు జాన్ పైక్‌ను కలిశారు. విమానాలకు వాడే పెర్‌స్పెక్స్‌లో మిగిలిపోయే రసాయనాలు కంటికి చేటు చేయకుండా, అంతకన్నా శుద్ధమైన ప్లాస్టిక్‌ను ఐసీఐ సంస్థలోని జాన్ హోల్ట్ తయారు చేయించారు. లెన్సుకు ఆకారం సహజ లెన్సుదే. రెండువైపులా ఉబ్బెత్తుగా, ఎనిమిది మిల్లీమీటర్లకు పైగా వ్యాసంతో, పక్కలకు ఆనుకునే కొక్కేలేమీ లేకుండా ఉండేది. 1949 నవంబరు 29న సెయింట్ థామస్ ఆస్పత్రిలో ఒక మధ్యవయసు మహిళకు ఆపరేషన్ మొదటి ఘట్టం జరిగింది. 1950 ఫిబ్రవరి 8న లెన్సును శాశ్వతంగా అమర్చారు. కన్ను దాన్ని భరించింది. కాని పవరు బాగా తప్పింది. ప్లాస్టిక్ సహజ లెన్సుకన్నా కాంతిని ఎక్కువగా వంచుతుంది, ఆకారం మాత్రం సహజ లెన్సుదే ఉంచారు. ఫలితంగా ఆమెకు పది డయాప్టర్లకు మించిన మైనస్ పవరు వచ్చింది. తర్వాతి లెన్సుల్లో వంపును సరిదిద్దారు. ఆ ఆవిష్కరణమీద రిడ్లీ పేటెంటు తీసుకోలేదు, లాభం కోరలేదు.

ఆయన తీసుకున్న నిర్ణయాల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది లెన్సుకు ఎంచుకున్న చోటు. శుక్లాన్ని సంచితో సహా పెకలించే పద్ధతిని ప్రపంచం మెచ్చుకుంటున్న రోజుల్లో ఆయన పాత పద్ధతికి వెనక్కి వెళ్ళారు. లెన్సు సంచికి ముందు కిటికీ తెరిచి, లోపలి మసక పదార్థాన్ని తీసి, వెనక పొరను అలాగే ఉంచి, కొత్త లెన్సును దాని ఆసరాతో, కనుపాప వెనక, ప్రకృతి పెట్టిన స్థానంలోనే నిలిపారు. సహచరుల కళ్ళకు అది పాతకాలపు పద్ధతి. కొత్త గమ్యానికి అదే తగిన దారి. ఆయన తర్వాత వచ్చిన పాతికేళ్ళలో ఇతర శస్త్రవైద్యులు లెన్సును కనుపాప ముందు పెట్టారు, కనుపాప అంచుకు క్లిప్పులా తగిలించారు, ఎన్నో రకాలుగా ప్రయత్నించారు. 1970ల మధ్యలో ఇంగ్లండులో జాన్ పియర్స్, 1977లో అమెరికాలో స్టీవెన్ షియరింగ్ కొత్త రూపపు లెన్సులతో తిరిగి కనుపాప వెనక్కే వచ్చారు. ఈ రోజు హైదరాబాదులోనైనా, విజయవాడలోనైనా, వరంగల్లులోనైనా శుక్లం ఆపరేషన్ చేయించుకున్న ప్రతి మనిషి కంట్లో లెన్సు సాధారణంగా ఉండేది రిడ్లీ మొదట పెట్టిన ఆ చోటే.

1951 జులైలో ఆక్స్‌ఫర్డ్ కంటివైద్య సమావేశంలో రిడ్లీ తన ఫలితాలు వివరించి రోగులను చూపించారు. బ్రిటన్‌లో కంటివైద్యానికి పెద్దదిక్కు అయిన సర్ స్టువర్ట్ డ్యూక్ ఎల్డర్ ఆ రోగులను పరీక్షించడానికే ఇష్టపడలేదు. మరుసటి ఏడాది అమెరికాలోనూ తీవ్రమైన వ్యతిరేకత వచ్చింది. ఈ ఘట్టాన్ని అసూయ కథగా చెప్పడం తేలిక. నేను అలా చెప్పను. వ్యతిరేకించినవాళ్ళు జీవితమంతా కళ్ళలోంచి పరాయి వస్తువులు తీసి చూపు కాపాడినవాళ్ళు. వాళ్ళ భయం తర్వాతి సంవత్సరాల్లో చాలావరకు నిజమైంది కూడా. ఆ లెన్సు గాలిలో తూచితే వంద మిల్లీగ్రాములు దాటేది, ఇప్పటి లెన్సులతో పోలిస్తే చాలా బరువు. ఆసరా చాలక కొన్ని జారి కంటి అడుగున పడ్డాయి. లెన్సును శుద్ధి చేయడానికి వాడిన రసాయనం దానిమీదే మిగిలి కొన్ని కళ్ళలో వాపు తెచ్చింది. కొందరికి కంటి ఒత్తిడి పెరిగి నీటికాసులు వచ్చాయి. కొన్ని లెన్సులను తిరిగి తీసేయాల్సి వచ్చింది. ఆపరేషన్ మైక్రోస్కోపులు ఇంకా అందరి చేతికీ రాలేదు, లోపలి కణజాలాన్ని కాపాడే జిగురు ద్రవాలు లేవు. విమర్శకులు తప్పింది ఒక్క చోటే. లెన్సు లోపాలను చూసి, లెన్సు అవసరమే లేదని తీర్పు చెప్పారు. రోగిని పరీక్షించకుండా ఆ తీర్పు చెప్పడం మాత్రం సమర్థించలేనిది. సాక్ష్యం ఎదుట కూర్చుని ఉండగా చూడనంటే దాన్ని శాస్త్రీయ సందేహం అనలేం.

ఇంకొక అభ్యంతరం ఉంది. 1950ల చివరికి రిడ్లీ స్వయంగా ఆ మొదటి లెన్సును పక్కన పెట్టారు. ఆపరేషన్‌ను అందరికీ సురక్షితం చేసినవాళ్ళు వేరేవాళ్ళు. నెదర్లాండ్స్‌లో బింకార్స్ట్, ఇంగ్లండులో పీటర్ చాయిస్, సోవియట్ యూనియన్‌లో ఫ్యోదొరొవ్, ఇంకా ఎందరో. చిన్న కోతతో శుక్లాన్ని కరిగించి పీల్చే యంత్రం అమెరికాలో చార్లెస్ కెల్మన్‌ది. అలాంటప్పుడు కీర్తి అంతా రిడ్లీకి ఎందుకు? అంతా ఆయనకే కాదు, నిజమే. ఆ పేర్లన్నీ ఈ సభలో వినపడాలనే చెప్పాను. కాని వాళ్ళంతా ఏ ప్రశ్నకు జవాబు వెతికారో చూడండి. లెన్సును ఎక్కడ నిలపాలి, ఎలా ఆపాలి, ఎంత తేలిక చేయాలి అని వెతికారు. లెన్సు పెట్టాలా వద్దా అన్న ప్రశ్నను రిడ్లీ తేల్చాకే ఈ ప్రశ్నలు పుట్టాయి. ఒంటరివాళ్ళయిన ఈ శస్త్రవైద్యులు ఒకరి తప్పులనుంచి ఒకరు నేర్చుకునేందుకు 1966లో చాయిస్‌తో కలిసి ఒక అంతర్జాతీయ క్లబ్బును ఏర్పాటు చేసింది కూడా ఆయనే. తన లెన్సుకే కట్టుబడి ఉండిపోతే చరిత్ర ఆయన్ను మొండివాడిగా గుర్తుపెట్టుకునేది. లెన్సును వదిలి లక్ష్యాన్ని పట్టుకున్నారు. పరిశోధకుడిలో అది అరుదైన వివేకం.

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న నీతికి సంబంధించింది. జంతువులమీద పరీక్షించకుండా, ఎవరికీ చెప్పకుండా, మనుషుల కళ్ళలో ఆయన ఈ ప్రయోగం చేశారు. ఫలితాలు గట్టిపడేదాకా రహస్యంగా ఉంచాలన్నది ఆయన ఆలోచన. న్యూరెంబర్గ్ నియమావళి 1947లోనే వచ్చింది. హెల్సింకి ప్రకటనకు 1964 దాకా ఆగాల్సి వచ్చింది. నేటి ఏ నైతిక సంఘమూ ఆ పద్ధతిని అనుమతించదు, అనుమతించకూడదు. కాలం వేరు అన్న మాటతో దీన్ని పూర్తిగా కొట్టేయలేం. రహస్యం వల్ల నష్టం కూడా జరిగిందని నా నమ్మకం. మొదట్లోనే నలుగురి విమర్శకు పెట్టి ఉంటే పవరు లెక్క, లెన్సు బరువు, శుద్ధి రసాయనం లాంటివి త్వరగా సరి అయ్యేవి. అయితే ఆయన పక్షాన చెప్పాల్సింది ఉంది. ఆయన కంట్లో పెట్టిన పదార్థం ముందే మనిషి కంట్లో ఏళ్ళ తరబడి ఉండి చూపిన ఫలితం ఆయన ముందుంది. ప్రకటించాక ఏదీ దాచలేదు. చిక్కులతో సహా తన అనుభవాన్ని ప్రచురిస్తూ వచ్చారు, రోగులను ఏళ్ళ తరబడి చూస్తూ వచ్చారు. లోపాన్ని ఒప్పుకుంటూనే ఆ పనిని గౌరవించవచ్చు.

గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. ఆయన ఆస్పత్రి ఉద్యోగం 1971లో ముగిసింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కంటి లెన్సులకు 1981లో ఆమోదం తెలిపింది. రాయల్ సొసైటీ సభ్యత్వం 1986లో, సర్ బిరుదు 2000లో వచ్చాయి. సర్ బిరుదు వచ్చేసరికి ఆయనకు తొంభై ఏళ్ళు దాటాయన్నమాట. ఆయన తన కళ్ళలోనూ శుక్లాలు తీయించుకుని లెన్సులు పెట్టించుకున్నారు, తాను పనిచేసిన సెయింట్ థామస్‌లోనే. పైలట్ క్లీవర్‌కు మిగిలిన కంట్లో శుక్లం వస్తే 1980లలో అతనికీ లెన్సు అమర్చారు.

ఇప్పుడు మన దేశానికి వద్దాం, ఎందుకంటే రిడ్లీ గీతకు అసలైన పరీక్ష ఇక్కడే జరిగింది. 1980లలో కంటి లెన్సు ధనిక దేశాల విలాసమన్న వాదన చాలామంది పెద్దలదే. వాదనలో బలం లేకపోలేదు. లెన్సులు దిగుమతి చేసుకోవాలి, ధర పేదవాడి అందుబాటులో లేదు, మైక్రోస్కోపులు లేవు, శిక్షణ పొందినవాళ్ళు తక్కువ. అదే డబ్బుతో క్యాంపులో ఎన్నో రెట్లు మందికి పాత పద్ధతిలో శుక్లం తీసి కళ్ళజోడు ఇవ్వవచ్చు. తెలుగునాట డాక్టర్ పెరుగు శివారెడ్డి వంటి వైద్యులు ఊరూరా నేత్రశిబిరాలు నడిపి లెక్కలేనంతమందికి వెలుగు చూపించారు. వాళ్ళను తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. కాని వాదనకు జవాబు సాక్ష్యమే చెప్పాలి, చెప్పింది. మదురైలో 1990లలో వేలమంది రోగులతో యాదృచ్ఛిక పద్ధతిలో పోల్చి చూశారు. ఒక వర్గానికి పాత పద్ధతి, కళ్ళజోడు. మరో వర్గానికి సంచి ఉంచి లెన్సు. లెన్సు ఆపరేషన్ సురక్షితంగానే చేయవచ్చని, చూపులోనూ రోజువారీ జీవితంలోనూ దానిదే పైచేయి అని తేలింది. 1992లో అదే మదురైలో ఆరోల్యాబ్ అనే సంస్థ లెన్సుల తయారీ మొదలుపెట్టి దిగుమతి ధరలో చిన్న వంతుకు దింపింది. అవి చాలాకాలం రిడ్లీ వాడిన జాతి ప్లాస్టిక్‌తోనే తయారయ్యాయి. 1990ల మధ్య నుంచి ఆంధ్రప్రదేశ్ సహా ఏడు రాష్ట్రాల్లో ప్రపంచబ్యాంకు సాయంతో నడిచిన శుక్లాంధత్వ నివారణ పథకం లెన్సు ఆపరేషన్‌ను ప్రభుత్వ ఆస్పత్రులకు తెచ్చింది.

పాత గీత దగ్గరే ఆగిపోతే ఏమవుతుందో మన సొంత లెక్కలే చూపించాయి. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ పరిశోధకులు 1996 నుంచి 2000 వరకు హైదరాబాదు, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పదివేలకు పైగా మందిని పరీక్షించారు. అంధత్వం 1.84 శాతం. అందులో 44 శాతానికి కారణం శుక్లం, 16.3 శాతానికి కారణం సరైన కళ్ళద్దాలు లేకపోవడం. హైదరాబాదు నగర భాగంలో అప్పటికే శుక్లం ఆపరేషన్ జరిగిన కళ్ళను చూస్తే సుమారు ఐదింట ఒక కన్ను అంధత్వపు హద్దు కిందే ఉంది. పల్లెలో కాదు, క్యాంపు టెంటులో కాదు, రాజధాని నగరంలో. ఆ కళ్ళన్నీ ఎక్కడో ఒక ఆస్పత్రి రిజిస్టరులో, ఒక వార్షిక నివేదికలో విజయాలుగా నమోదై ఉండాలి. లక్ష్యం ఆపరేషన్ల సంఖ్య అయినప్పుడు, ఆపరేషన్ బల్ల దిగిన మనిషి లెక్కలోంచి కూడా దిగిపోతాడు.

లెన్సు సర్వసాధారణమైంది కాబట్టి ఇక ఈ వాదన అవసరం తీరిపోయిందని ఎవరైనా అనవచ్చు. తీరలేదు. లెన్సు పెట్టినంత మాత్రాన చూపు రాదు. కంటి పొడవు కొలవకుండా అందరికీ ఒకే పవరు లెన్సు పెడితే రిడ్లీ మొదటి రోగికి జరిగినదే చిన్న స్థాయిలో మళ్ళీ జరుగుతుంది. నెలలు గడిచాక సంచి వెనక పొర మసకబారితే లేజరుతో తెరవాలి, దానికోసం రోగి తిరిగి రావాలి. మధుమేహంతో రెటీనా దెబ్బతిన్న కంటికి లెన్సు ఒక్కటే సరిపోదు. ఈ విషయాన్ని ప్రపంచం ఇప్పుడు అధికారికంగా ఒప్పుకుంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సభ శుక్లానికి కొత్త కొలత ఆమోదించింది. ఆపరేషన్ అవసరమైనవాళ్ళలో ఎందరికి జరిగింది అన్నది కాక, జరిగాక ఎందరికి 6/12 లేదా అంతకు మెరుగైన చూపు వచ్చింది అని లెక్కించాలి. 2030 నాటికి దాన్ని ముప్ఫై శాతం పాయింట్లు పెంచాలన్నది లక్ష్యం. లండన్‌లో ఒక్క వైద్యుడు పట్టుబట్టిన గీత, డెబ్భై ఏళ్ళకు దేశాలన్నిటి గీత అయింది.

మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రజల కంటిచూపు మీద ప్రభుత్వాలు శ్రద్ధ పెట్టిన సందర్భాలున్నాయి. తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో కంటి వెలుగు పథకాలు మొదలై ఊళ్ళ గడపలకు పరీక్షను తీసుకెళ్ళాయి. అప్పుడు ప్రకటించిన సంఖ్యలు పరీక్షలవి, పంచిన కళ్ళజోళ్ళవి. ఆ సంఖ్యలు అవసరమే. వాటి పక్కన ఇంకొక సంఖ్య కూడా ఉండాలి. ఈ సభలో ఉన్న శస్త్రవైద్యులకు, జిల్లా అంధత్వ నివారణ అధికారులకు, స్వచ్ఛంద ఆస్పత్రులు నడిపేవారికి నా విజ్ఞప్తి ఇదే. శుక్లం ఆపరేషన్ చేసిన ప్రతి కంటికీ ఆరు వారాల తర్వాత చూపు ఎంతో కొలవండి. రాలేని ముసలివాళ్ళ దగ్గరికి మీరే మనిషిని పంపండి. ఆ ఫలితాలను, బాగాలేనివాటితో సహా, ఏటా జిల్లావారీగా తెలుగులో ప్రకటించండి. ఈ ఏడాది నుంచే మొదలుపెట్టండి.